మొగపాలెం ద్వీపమైన వైనం

విశాఖపట్నానికి దక్షిణాన, ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనబడేంత దూరంలో ఉన్న మొగపాలెం అనే మత్స్యకార గ్రామం ఇకమీదట ద్వీపమని ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమైనది. అంతకుముందు అది ద్వీపం కాదు. ఇసుకదిబ్బ మీద నూట నలభై గడపలున్న మామూలు ఊరు. ద్వీపం పుట్టాలంటే సముద్రం అడుగున అగ్నిపర్వతం పేలాలనీ, లేదా పగడపు పురుగులు లక్షల ఏళ్ళు ఒళ్ళు వంచి పనిచెయ్యాలనీ చిన్నప్పుడు మనం చదువుకున్న మాట నిజమే. కాని అవన్నీ విశ్వవిద్యాలయాలు లేని రోజుల్లో పడ్డ పాట్లు. మొగపాలేనికి మాత్రం ఒక తీర్మానం, రెండు ప్లేట్ల జీడిపప్పు, ఒక మధ్యాహ్నం సరిపోయాయి.

ఆ మధ్యాహ్నం తవిటమ్మ ఊరి పక్క వాగైన గెడ్డ ఒడ్డున తట్ట దించుకుని, నీరు ఎప్పుడు తీస్తుందా అని చూస్తూ కూర్చుంది. పక్కన ఆడబిడ్డ అప్పలమ్మ. రెండు తట్టల్లోనూ కవ్వలు. తెల్లవారి వలలో ఎగిరెగిరి పడ్డ చేపలు ఎండెక్కేకొద్దీ కళ్ళు తేలేస్తున్నాయి. తాము ద్వీపవాసులమైన సంగతి ఆ ఇద్దరికీ తెలియదు.

మొగపాలేనికి తూర్పున సముద్రం. పడమర నుంచి దక్షిణానికి చుట్టివచ్చి సముద్రంలో కలిసే గెడ్డ. ఉత్తరాన ఒక బొగ్గు యార్డు వారి ఎత్తయిన ప్రహరీగోడ. గెడ్డ మీద ఒకప్పుడు కాలివంతెన ఉండేది. అది దాటితే రోడ్డు, రోడ్డెక్కితే ఆటో, ఆటో ఎక్కితే కూర్మన్నపాలెం జంక్షన్. పొద్దుట షిఫ్టుకి వెళ్ళిన ఫ్యాక్టరీ వాళ్ళు రెండు గంటలకి దిగి, ఉక్కునగరం క్వార్టర్లకి పోతూ అక్కడ చేపలు కొంటారు. రెండున్నర దాటితే జంక్షన్‌లో మిగిలేది ఈగలూ, ఉత్తినే బేరమాడి పోయే పెద్దమనుషులూ. రెండేళ్ళ కిందటి తుపానులో వంతెన కొట్టుకుపోయింది. ఇసుకమేటలు అడ్డం కాబట్టి ఊరి పడవలు గెడ్డలోకి రావు. అప్పటి నుంచీ తవిటమ్మ వ్యాపారం సముద్రం చేతిలో పడింది. సముద్రపు పోటుకి షిఫ్టు టైములు తెలియవు కదా. నీరు నడుం దాకా దిగేసరికి ఒక్కోనాడు మూడవుతుంది, నాలుగవుతుంది. మెత్తబడ్డ చేపని కొనడానికి ఉక్కునగరం ఇల్లాళ్ళు అంత అమాయకులు కారు.

అంచేత తవిటమ్మకి జీవితంలో కావలసింది ఒక్కటే, వంతెన. ప్రతి సోమవారం అర్జీల దినం నాడు ఊరందరి వేలిముద్రలతో కాగితం పట్టుకుని వెళ్ళేది. ప్రభుత్వం వారు ఏనాడూ ఆమెని వట్టి చేతులతో పంపలేదు. మొదటి ఏడాది, "మొగపాలెం వద్ద వంతెన ఉన్నట్టు రికార్డులలో లేదు కనుక అది కొట్టుకుపోయే అవకాశం లేదు" అని జవాబిచ్చారు. రెండో ఏడాది రికార్డులు సవరించుకుని, "సదరు స్థలమున వంతెన ఉన్నట్టు రికార్డులలో ఉన్నది కనుక కొత్తది అవసరం లేదు" అని జవాబిచ్చారు. పరిపాలనలో పురోగతి లేదని ఎవరన్నా అంటే నమ్మకండి.

ఇంతలో ప్రాక్తీర విశ్వవిద్యాలయానికి ఒక విదేశీ ఫౌండేషన్ నుంచి భారీ గ్రాంటు వచ్చింది. ద్వీప సముదాయాల పర్యావరణ శాస్త్రానికి తోడ్పడడం దాని ఆశయం. వెంటనే ద్వీప పర్యావరణ అధ్యయన కేంద్రం వెలిసింది. దానికి డైరెక్టరుగా ఆచార్య చలమయ్య గారు నియమితులయ్యారు. ద్వీపాల మీద ఆయన రాసిన గ్రంథాలు మూడు. చూసిన ద్వీపాలు లేవు. కారణం చిన్నది. పడవ ఎక్కితే ఆయనకి వాంతులు. అండమాన్ వెళ్దామని ఒకసారి పోర్టు దాకా వెళ్ళి, లంగరు వేసి ఉన్న ఓడ అటూ ఇటూ ఊగడం చూసి, అక్కడే నిమ్మకాయ కొనిపించుకుని వాసన చూస్తూ ఇంటికొచ్చేశారట. ఆఫీసు కారులో వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి తిరిగి రాగలిగిన ద్వీపం కావాలని ఆయన షరతు. న్యాయమైన షరతే.

అన్వేషణ సంఘం వారు ముందు కూర్మన్నపాలెం జంక్షన్ మధ్యలో ఉన్న గుండ్రటి దిమ్మని పరిశీలించారు. నాలుగు వైపులా ఎడతెగని ప్రవాహం ఉంది గాని, అందులో నివసించేది ఒక ఎద్దు మాత్రమే. అదీ మధ్యాహ్నం పూట మార్కెట్‌కి వెళ్ళిపోతోందని తేలడంతో స్థిరనివాసి కాదని తోసిపుచ్చారు. తర్వాత ఉక్కునగరాన్ని చూశారు. అక్కడ దేనికీ బయటికి పోనక్కర్లేని జనం ఉన్నారు కాబట్టి ద్వీపమనడానికి వీలుంది. కాని క్వార్టర్ల వాళ్ళు చదువుకున్నవాళ్ళు. ప్రశ్నావళి ఇస్తే జవాబులు రాయకుండా, ప్రశ్నల్లోని తప్పులు దిద్ది ఇచ్చారు. అలాంటి చోట పరిశోధన సాగదు.

ఆ ఆపత్సమయంలో ఆదుకున్నవాడు యోహాన్. ఎలమంచిలి నుంచి రోజూ రైల్లో వచ్చే రిసెర్చి స్కాలరు. పీహెచ్‌డీ ఏడో ఏడు. పాపం మంచివాడు, తవిటమ్మ దగ్గర అప్పుడప్పుడు నెత్తళ్ళు కొనేవాడు. ఒకనాడు "ఏం పిన్నీ, చేపలింత లేటు?" అని అడిగితే, ఆవిడ విసుక్కుని, "మాదేటి, ఊరేటి బావూ! సుట్టూ నీరు, మద్దిన మేవు. లంకలో పడున్నాం," అంది. కుర్రాడు నెత్తళ్ళు కూడా తీసుకోకుండా పరుగెత్తాడు.

ఉత్తరం వైపు ఉన్నది నీరు కాదు, గోడ కదా అని తీర్మానసభలో ఒక సభ్యుడు అభ్యంతరం లేవదీశాడు. గోడ పక్కనే మురుగు కాలువ పారుతున్నదనీ, మురుగునీరు కూడా నీరేననీ డైరెక్టరు గారు గుర్తు చేశారు. జీడిపప్పు అయిపోవచ్చింది కనుక తీర్మానం ఏకగ్రీవమైంది.

ప్రారంభోత్సవానికి విశ్వవిద్యాలయం వారు సొంతంగా ఒక రబ్బరు పడవ కొన్నారు. గెడ్డ వెడల్పు అరవై అడుగులు. చలమయ్య గారు మాత్ర వేసుకుని, కళ్ళు మూసుకుని, యోహాన్ భుజం పట్టుకుని ఆ సముద్రయానం పూర్తిచేశారు. తవిటమ్మకి ఆ పడవని చూసి ప్రాణం లేచొచ్చింది. తట్ట పట్టుకుని పరుగున వెళ్తే, అందులో పరిశోధకులకు మాత్రమే బీమా ఉందనీ, ద్వీపవాసులు ఎక్కరాదనీ బోర్డు చూపించారు. పక్కనే ఇంకో బోర్డు: "ప్రధాన భూభాగం, అరవై అడుగులు" అని బాణం గుర్తుతో.

"సోదర ద్వీపవాసులారా!" అని చలమయ్య గారు ఉపన్యసించారు. "నాగరికతకు దూరంగా, రణగొణధ్వనులకు అతీతంగా, ప్రకృతిమాత ఒడిలో మీరు గడుపుతున్న ఈ ఏకాంత జీవనం ప్రపంచానికే ఆదర్శం. వంతెనలు మనుషులను దగ్గర చేస్తాయని కొందరు భ్రమపడతారు. వంతెన లేకపోవడమే మీ సంపద. ఆ సంపదను కంటికి రెప్పలా కాపాడడానికి మేము వచ్చాం!"

చప్పట్లు కొట్టారు. మైకు పెట్టి ఎవరు ఏం చెప్పినా చప్పట్లు కొట్టడం మొగపాలెం వాళ్ళ మర్యాద. తవిటమ్మ మాత్రం లేచి నిలబడింది.

"బావూ, తమరు పెద్దోరు. మాకు ఇంకేటీ వద్దు. ఆ గెడ్డ మీద సిన్న వంతెన ఏయించండి. సేపలు మెత్తబడిపోతన్నాయి."

"అమ్మా," అన్నారాయన జాలిగా, "వంతెన వేస్తే మీరు ద్వీపవాసులు కాకుండా పోతారమ్మా!"

"పోతే పోనీ బావూ, ఏటైపోద్ది?"

ఆయన దీన్ని ద్వీపవాసుల హాస్యప్రియత్వం కింద రాసుకోమని యోహాన్‌కి సైగ చేశారు.

పరిశోధన జోరుగా సాగింది. గెడ్డ నీళ్ళలో బొగ్గు నుసి ఉందని ఎనిమిది నెలల కృషిలో బయటపడింది. ఆరేసిన బట్టలు చూసి ఆ సంగతి ఊళ్ళో ఆడవాళ్ళు ఏనాడో చెప్పేవారు గాని, వాళ్ళ పద్ధతి శాస్త్రీయం కానందువల్ల దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మరి నుసిని ఏం చేద్దామని తవిటమ్మ మొగుడు వరహాలు అడిగితే, నమోదు చేద్దామన్నారు. ఏకాంతం మీద ఒక సర్వే చేశారు. "మీరు ఒంటరితనాన్ని అనుభవించుట: తరచుగా, లేక మిక్కిలి తరచుగా?" అని అందులో ప్రశ్న. "నూటనలబై గడపల్లో ఒంటిగా కూకోడానికి సోటేదీ?" అని అప్పలమ్మ నవ్వింది. ఆమె పేరుకెదురుగా "బాధను దాచుకొనుచున్నది" అని నింపారు. తలమీద తట్టతో నడుంలోతు నీళ్ళు దాటే స్త్రీల సమతౌల్యం మీద ఒక పత్రం విదేశీ పత్రికలో అచ్చయింది. దాన్ని రాసినవారిలో మొదటి పేరు చలమయ్య గారిది, రెండోది రిజిస్ట్రారు గారిది, మూడోది రిజిస్ట్రారు గారి అల్లుడిది. తవిటమ్మ ఫోటో వేశారు. వెనక నుంచి తీసింది. కింద "ద్వీపవాసి" అని ఉంది.

ఇదంతా తవిటమ్మ సరదాగానే భరించింది. కాని ఆ చలికాలంలో జరగకూడనిది జరిగింది. వంతెన మంజూరైంది.

ఎన్నో సోమవారం అర్జీకో తెలియదు గాని, దుర్గారావు అనే ఇంజనీరు టేపు పట్టుకుని గెడ్డ ఒడ్డున ప్రత్యక్షమయ్యాడు. కొలతలు తీశాడు. ఇసుకలో మేకులు కొట్టాడు. తవిటమ్మ సంతోషం పట్టలేక ఆయనకి కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చింది. బొండం తాగి, మూతి తుడుచుకుని, ఆయన చల్లగా చెప్పాడు. "అంతా బాగుందమ్మా. మీది ఇప్పుడు పరిశోధనలో ఉన్న ద్వీపం కదా. ఆ సెంటరు వాళ్ళు అభ్యంతరం లేదని సంతకం పెట్టి ఇస్తే చాలు. మార్చి లోపల ఇవ్వకపోతే మాత్రం మంజూరు మురిగిపోద్ది."

కేంద్రం వారు సంతకానికి బదులు నాలుగు పేజీల లేఖ పంపారు. "ప్రతిపాదిత వంతెన వలన సదరు ద్వీపము యొక్క ద్వీపత్వమునకు అపార నష్టము వాటిల్లగలదు. నివాసితులు బయటి ప్రపంచముతో యథేచ్ఛగా సంబంధము పెట్టుకొను ప్రమాదము కలదు. కావున ఇట్టి చర్య సైన్సుకు తీరని లోటు."

యోహాన్ ఆ లేఖ చదివి వినిపిస్తుంటే తవిటమ్మకి కడుపు మండిపోయింది. "సదువుకున్నోడివి, నువ్వైనా సెప్పవేటి బావూ?" అంది. యోహాన్ తల దించుకున్నాడు. "నా థీసిస్ సారు చేతిలో ఉంది పిన్నీ. ఏడేళ్ళు. మా అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో నా డిగ్రీ కోసమే ప్రార్థన చేస్తంది." తవిటమ్మకి జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆ రెండూ మింగి ఇంటికెళ్ళి, మొగుడితో దెబ్బలాడి తీర్చుకుంది.

వరహాలు ఊరి పెద్దవలకి పెద్ద. పెద్దవల అంటే, పడవలో వెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంగా వల వేసి వస్తే, ఒడ్డున రెండు వరసలుగా నిలబడి రెండు తాళ్ళూ ఊరంతా లాగే వల. దానికో కట్టుబాటుంది. తాడు మీద చెయ్యి వేసినవాడు, వాడెవడైనా సరే, చేపలు పడే వల సంచి ఇసుకకి చేరేదాకా చెయ్యి తియ్యకూడదు. తీస్తే గంగమ్మకి కోపం. చివరిదాకా లాగితే, వాడెవడైనా సరే, వాటా ఇవ్వాలి. కుంటివాడికీ వాటా ఉంది, దారినపోయే బైరాగికీ ఉంది. వాటా చేతిలో పడ్డాక ఆనాటికి వాడు ఊరివాడు. ఊరి మాట కాదనకూడదు. ఆ రాత్రి మొగుణ్ణి తిట్టి తిట్టి అలిసిపోయాక, తవిటమ్మకి ఆలోచన తట్టింది.

ఫిబ్రవరిలో ఫౌండేషన్ నుంచి పరిశీలకురాలు వచ్చింది. తెల్లజుట్టు, తెల్ల టోపీ, మోకాళ్ళదాకా ప్యాంటు. ఊరివాళ్ళు దొరసానమ్మ అన్నారు. ద్వీప సంప్రదాయాల పట్ల తమ కేంద్రానికి గల భక్తిని వివరిస్తూ చలమయ్య గారు ఆమెని సముద్రం ఒడ్డుకి తీసుకొచ్చారు. సరిగ్గా అప్పుడే వల వేసొచ్చారు. కొత్త సఫారీ సూటులో ఉన్న ఆచార్యుల వారికి తవిటమ్మ ఎదురెళ్ళి దండం పెట్టింది.

"బావూ, ఫొటోలోకి తమరు ఓ సెయ్యేస్తే సూడ్డానికి నిండుగా ఉంటాది."

ఫొటో అన్న మాటకి కాదన్న ఆచార్యుడు ఇంతవరకు పుట్టలేదు. ఆయన కుడిచెయ్యి తాడు మీద వేసి, దూరంగా దిగంతంలోకి చూశారు. ఫొటో తీశారు. ఆయన చెయ్యి తియ్యబోయారు. వెనకనుంచి నలభై మంది ఒక్కసారి "ఓలమ్మో!" అన్నారు.

"తియ్యకూడదు బావ," అన్నాడు వరహాలు చాలా మర్యాదగా. తాడు దగ్గర వరహాలుకి అందరూ బావలే. "సంచి వచ్చీదాకా లాగాల. గంగమ్మ తల్లి ఆన."

దొరసానమ్మ ఏమిటని అడిగింది. యోహాన్ చెప్పాడు. ఆవిడ ఆనందంతో టోపీ విసిరేసి తనూ తాడు పట్టుకుంది. ఇక చలమయ్య గారికి దారి లేకపోయింది. ఆ పూట సముద్రం కూడా తీరిగ్గా ఉంది. గంటన్నర లాగారు. ఆచార్యుల వారి సూటుకి రెండు చోట్ల కుట్లు వీడాయి. బూట్లు ఇసుకలో ఒకచోట, ఆయన ఒకచోట తేలారు. "హైసా" అని అందరూ అంటే ఆయన "అయ్యో" అన్నారు. మొత్తానికి సంచి ఒడ్డుకి చేరింది.

వాటాలు వేశారు. పడవకి, వలకి, లాగిన ప్రతి మనిషికి. వరహాలు రెండు చేతులతో పట్టి తెచ్చి డైరెక్టరు గారి దోసిట్లో తొమ్మిది కవ్వలు పోశాడు. అందరితో పాటే, ఒక్కటి ఎక్కువా లేదు, ఒక్కటి తక్కువా లేదు. ఆ చేపల్ని ఏం చెయ్యాలో తెలియక ఆయన అలాగే పట్టుకుని నిలబడి ఉండగా, తవిటమ్మ కొంగులోంచి కాగితం తీసింది.

"వాటా తీసుకున్నారు. తమరిప్పుడు ఊరోరు. వంతెనకి అబ్యంతరం లేదని ఊరందరం ముద్దరలేసిన కాయితం బావూ ఇది. తమరిదొక్కటే తక్కువైనాది."

ఆయన "ఇదేమిటో తర్వాత చూద్దాం" అన్నారు.

"ఆమె ఏమంటోంది?" అని దొరసానమ్మ యోహాన్‌ని అడిగింది. యోహాన్ డైరెక్టరు గారి వైపు చూశాడు. తవిటమ్మ వైపు చూశాడు. ఏడేళ్ళలో మొదటిసారిగా ఉన్నది ఉన్నట్టు అనువదించాడు. వంతెన, మూడేళ్ళు, మెత్తబడ్డ చేపలు, మార్చి గడువు, అన్నీ. పరిశీలకురాలు చలమయ్య గారి వైపు తిరిగింది. "మీరు సంప్రదాయాన్ని గౌరవిస్తారు కదా?" అంది. వందమంది చూస్తున్నారు. తొమ్మిది కవ్వలు వేళ్ళ సందుల్లోంచి జారుతున్నాయి. ఆచార్యుల వారు సంతకం పెట్టారు. కాగితం మీద పొలుసులు అంటుకున్నాయి.

తవిటమ్మ ఏడ్చింది. అప్పలమ్మని పట్టుకుని, "వచ్చినాదే, మన వంతెన వచ్చినాదే!" అని పసిపిల్లలా గెంతింది. అప్పలమ్మ కూడా వదినని పట్టుకుని ఏడ్చింది. ఇసుకలో ఇద్దరూ బోర్లా పడ్డారు.

"మరి వంతెన వచ్చాక మీ ద్వీప పరిశోధన ఏమవుతుంది?" అని పరిశీలకురాలు అడిగింది. ఆచార్యత్వం అంటే ఇదీ అని అక్కడ మనం గ్రహించాలి. ఆయన ఒక్క క్షణం తడుముకోలేదు. "అదేనండీ రెండో దశ! ద్వీప సముదాయంపై వంతెన ప్రభావం!" అన్నారు. ఆవిడ అక్కడికక్కడే మెచ్చుకుని, ఇంకో రెండేళ్ళు పొడిగించింది.

వంతెన లేచింది. సిమెంటుది, రెండు వైపులా నీలం రంగు కమ్మీలతో. ప్రారంభోత్సవం ముందురోజు యోహాన్ ఒక ప్లాస్టిక్ బకెట్టు పట్టుకుని ఊళ్ళోకి వచ్చాడు. వంతెన ప్రభావం శాస్త్రీయంగా తేలాలంటే సగం మంది వంతెన వాడాలి, సగం మంది వాడకూడదు. పోల్చి చూడాలి కదా. ఇంటికొక చీటీ తీయించాడు. నీలం కార్డు వచ్చినవాళ్ళు వంతెన మీద, పసుపు కార్డు వచ్చినవాళ్ళు ఎప్పట్లా నీళ్ళలో. రెండేళ్ళ పాటు మాత్రమే. తవిటమ్మకి నీలం. అప్పలమ్మకి పసుపు.

తవిటమ్మ కార్డు నేలకేసి కొట్టింది. "ఇదేటి అన్నేయం బావూ! ఒక్క గంగమ్మ తల్లి పిల్లలం, ఒక్క వల లాగీవోళ్ళం. నా ఆడబిడ్డ ఎక్కనప్పుడు నానూ ఎక్కను!"

"నా డిగ్రీ పిన్నీ," అన్నాడు యోహాన్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రెండేళ్ళే."

నాలుగు రోజులు తవిటమ్మ అన్నమాట మీద నిలబడింది. వంతెన పక్కనే, అప్పలమ్మతో పాటు నడుంలోతు నీళ్ళలో దాటింది. అయిదో రోజు వలలో మాంచి కానాగంతలు పడ్డాయి. నీరు తియ్యలేదు. చేపలు చూస్తే జాలేసింది. "ఈ ఒక్కపాలికే, అప్పలమ్మా. నువ్వొచ్చీలోపు ఎల్లి సోటు పట్టుంచుతాను," అని వంతెనెక్కింది. ఒంటిగంటన్నరకే జంక్షన్‌లో ఉంది. ఎర్రటి మొప్పలతో మెరుస్తున్న చేపలు చూసి షిఫ్టు దిగినవాళ్ళు ఎగబడ్డారు. అప్పలమ్మ కోసం పక్కన గోనెపట్టా పరిచి ఉంచింది. మొదటి వారమంతా ఉంచింది. రెండో వారం, అప్పలమ్మ ఎలాగూ ఆలస్యమే కదా అని, ఆ పట్టా మీద తన రెండో తట్ట పెట్టింది. అప్పలమ్మ దగ్గర కొనే ఉక్కునగరం ఇల్లాళ్ళు "ఆవిడ చేపలు మెత్తగా ఉంటున్నాయేంటి?" అని అడిగితే, "ఏటి సెప్పమంటావమ్మా, ఆల్ల సేపలు అంతే," అంది. అబద్ధం కాదు కనుక మనసుకి పెద్దగా కష్టం కలగలేదు.

ఊరు కూడా చాలా తొందరగా శాస్త్రీయ దృక్పథం అలవరచుకుంది. టీకొట్టు దగ్గర పొడిబట్టల వాళ్ళు ఒక బల్ల మీద, తడిబట్టల వాళ్ళు ఒక బల్ల మీద కూర్చోవడం మొదలైంది. బల్ల తడుస్తుందని మొదట్లో అన్నారు. తర్వాత ఏమీ అనలేదు. పిల్ల సంబంధం మాట్లాడడానికొచ్చినవాళ్ళు ఇంటిపేరు కంటే ముందు కార్డు రంగు అడగసాగారు. పసుపు ఇళ్ళవాళ్ళకి నీళ్ళలో నానే ఒళ్ళు కనుక బుద్ధి కూడా కొంచెం మందమని, నీలం ఇళ్ళలో ముసలివాళ్ళు పిల్లలకి చెప్పారు. చివరికి పెద్దవల దగ్గర కూడా ఉత్తరం తాడు పసుపు వాళ్ళది, దక్షిణం తాడు నీలం వాళ్ళది అయింది. వరహాలుకి ఇది నచ్చలేదు. "అదేటే, నా సెల్లెలు ఆ తాడు పట్టాలేటి?" అన్నాడు ఒకసారి. "నీకేటి తెల్దు, ఊరుకో," అంది తవిటమ్మ. ఆయన వెళ్ళి దక్షిణం తాడు పట్టుకున్నాడు.

రెండేళ్ళు గడిచాయి. వంతెన వల్ల నీలం కార్డుల వాళ్ళ చేపలు తాజాగా ఉంటున్నాయని మూడువందల పేజీల్లో రుజువైంది. చలమయ్య గారికి జాతీయ పురస్కారం వచ్చింది. యోహాన్ డాక్టరు యోహాన్ అయి, అదే విశ్వవిద్యాలయంలో ఉద్యోగం సంపాదించాడు. వాళ్ళమ్మ చర్చిలో అందరికీ కేకులు పంచింది. కార్డులు ఇక చెల్లవని కేంద్రం వారు గోడకి నోటీసు అంటించి, రబ్బరు పడవ మడత పెట్టుకుని వెళ్ళిపోయారు.

మొన్న కార్తీకంలో ఒక పొద్దుట, తీరప్రాంత సంప్రదాయాల మీద కొత్త ప్రాజెక్టు పెట్టుకుని యోహాన్ మోటారు సైకిలు మీద మొగపాలెం వచ్చాడు. ముసురు పట్టి ఉంది. గెడ్డలో నీరు నిండుగా ఉంది. వంతెన మొదట్లో తట్ట నెత్తిన పెట్టుకుని తవిటమ్మ నిలబడి ఉంది. అప్పలమ్మ తట్టతో వచ్చి, నీళ్ళకేసి ఒకసారి చూసి, నెమ్మదిగా వంతెన మీద అడుగు పెట్టింది.

"ఏటే, ఎటు?" అంది తవిటమ్మ.

"నీరు ఎక్కువున్నాది వదినా. జొరంగా కూడా ఉన్నాది. ఈ పాలికి..."

"పసుపోళ్ళు కదే మీరు. నువ్వెక్కితే రేపు అందరూ ఎక్కుతామంతారు."

"పొరపాటైపోనాది వదినా," అని అప్పలమ్మ అడుగు వెనక్కి తీసుకుని, చీర ఎగ్గట్టి గెడ్డలోకి దిగింది. నీళ్ళు ఛాతీదాకా వచ్చాయి.

యోహాన్ మోటారు సైకిలు ఆపి పరుగెత్తుకొచ్చాడు. "పిన్నీ! ఇదేం పని? ప్రాజెక్టు అయిపోయి ఆర్నెల్లయింది! ఎవరన్నా ఎక్కొచ్చు!"

తవిటమ్మ అతని వైపు ప్రేమగానే చూసింది. "నీ ప్రాజెట్టు అయిపోనాది గావాల నాయినా. ఊరన్నాక ఒక పద్దతంటూ ఉండొద్దేటి?" అని తట్ట సర్దుకుని వంతెన మీద నడిచి వెళ్ళింది. రెండు గంటలకి ఇంకా చాలా టైముంది.

డాక్టరు యోహాన్ గెడ్డలోకి చూశాడు. కింద నీళ్ళలో అప్పలమ్మ తట్ట మాత్రమే కనిపిస్తోంది. అతను నిట్టూర్చి, సంచిలోంచి ఫారం తీసి, చినుకులు పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని నింపడం మొదలుపెట్టాడు. స్థానిక ఆచారం: వంతెనపై ఒక వర్గము మాత్రమే నడచుట. ఎప్పటి నుండి అమలులో ఉన్నది అన్న గడి దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత గుండ్రటి అక్షరాలతో రాశాడు, "అనాదిగా."